పెదతాత కింద ముప్పై రెక్కలు

పడమటి గాలి, పదకొండో రోజు

మెత్తగాలి గంటా పది నిమిషాలు. ఎగిరిన రెక్కలు ఇరవై నాలుగు. మడ్డి అంచుకు నూట అరవై బారల కింద.

ఈ పుస్తకంలో నాకు ముందు రాసినవాళ్ళు రోజుకు ఈ మూడు అంకెలే రాశారు. పది రోజులుగా నేనూ అంతే రాశాను. గాలి బడిలో మా మేష్టారు మాత్రం అంకె మారితే ఎందుకు మారిందో కూడా రాయమనేవారు, రేపు చదివేవాళ్ళకు అదే పనికొస్తుందనేవారు. ఎగువపేటలో చదవగలిగినవాళ్ళం నలుగురం. మా ఇంట్లో నేనొక్కదాన్నే. అయినా రాస్తాను.

పొద్దున్నే మొదటి పని దీపం తాడు. కొండ అంచున బోర్లా పడుకుని, వెలిగించిన దీపాన్ని ముడులు వేసిన తాడుతో లోయలోకి దించుతాను. లోయ అడుగున నిలిచే విషపు గాలినే మడ్డి అంటాం. దాన్ని తాకగానే దీపం ఆరిపోతుంది. అప్పటికి ఎన్ని ముడులు జారాయో రాసుకుంటాను. దీపం ఆరిన చోట మనిషికీ ఊపిరి ఆడదు. వేసవిలో మడ్డి రోజూ కాస్త పైకి వస్తుంది. వానలు పడ్డాక దిగిపోతుంది.

రెండో పని గాలి కొలత. తెల్లవారేటప్పుడు గాలి ఉండదు. మధ్యాహ్నానికల్లా రెక్కను వెనక్కి ఈడ్చి కొండ అవతల పడేసేంత గాలి వస్తుంది. ఆ రెండింటి మధ్య కాసేపు గాలి కొండ గోడకు తగిలి నెమ్మదిగా పైకి లేస్తుంది. దాన్నే మెత్తగాలి అంటాం. ఆ కాసేపట్లోనే మా వాళ్ళు గుడ్డ రెక్కలకు వేలాడుతూ, నీళ్ళ తిత్తులు కట్టుకుని గండి మీదుగా ఆవలిపేటకు ఎగరాలి. ఆవలిపేట వాళ్ళు చోళ్ళు, అంటే రాగులు, మోసుకుని ఇటు రావాలి. గండి మీద తీగకు వేలాడుతూ నడిచే తీగబండి తెగిపోయాక మరో దారి లేదు. నిరుడు ఇదే రోజున మెత్తగాలి మూడు గంటలుందని ఇదే పుస్తకంలో ఉంది.

నాలుగో అంకె ఒకటి నా అంతట నేను మొదలుపెట్టాను. పెదతాత ఎత్తు. ఇవాళ అంచు మీద యాభై ఐదు బారలు.

పెదతాత అంటే గంగునాయుడు, మా నాన్నకు పెదనాన్న. డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు పేటల్లో ఎగిరేవాళ్ళందరికీ ఆయనే పెద్ద. తీగబండి తెగిన ఏట గండి మీదుగా మొదట ఎగిరింది ఆయనే. ఇప్పటికీ ముందు ఎగిరేది ఆయన, చివర దిగేది ఆయన. ఆయన కింద మా నాన్న, నాన్న కింద మిగతావాళ్ళు, వయసు ప్రకారం. పెద్దల తల మీద మన కాళ్ళు ఉండకూడదు కదా. దీన్నే వరస అంటాం. ఇరవైల్లో ఉన్నవాళ్ళు అందరికంటే అడుగున, రాళ్ళ పక్కన ఎగురుతారు.

మెత్తగాలి మూడు గంటలున్న రోజుల్లో ఐదుగురో ఆరుగురో ఒక దఫా ఎగిరేవారు. వరస వల్ల ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు అందరూ ఒకే గంటలో ఎగురుతున్నారు.

పదమూడో రోజు

మెత్తగాలి యాభై ఎనిమిది నిమిషాలు. రెక్కలు ఇరవై ఏడు. మడ్డి నూట నలభై. పెదతాత నలభై ఎనిమిది.

పెదతాత మనవడి భార్య కొండమ్మ వదిన రెక్క కొండకు రాసుకుంది. పగ్గం పట్టుకున్న చేయి బండకు కొట్టుకుని రెండు వేళ్ళు విరిగాయి. కట్టు కట్టేటప్పుడు నేనే పక్కనున్నాను. కాస్త పైకి వెళ్ళి ఉంటే తగిలేది కాదు కదా, పైకి లేపే ఎత్తుడు గాలి ఉంది కదా అని అడిగాను.

"పైన మావగోరున్నారు," అంది. "ఆయన నెత్తిమీద నా కాల్లెట్టమంతావేటి?"

నొప్పితోనే నవ్వింది. ఈ సంగతి పుస్తకంలో రాయొద్దంది. పెదతాతకు మాత్రం మెట్ల మీద జారిపడిందని చెప్పారు. ఆయన దిగి వచ్చి, చూసుకుని నడవాలమ్మా అని ఆమెను మందలించి వెళ్ళాడు.

పద్నాలుగో రోజు

మెత్తగాలి యాభై ఐదు నిమిషాలు. రెక్కలు ఇరవై ఎనిమిది. మడ్డి నూట ముప్పై. పెదతాత నలభై నాలుగు.

బడిలో నేర్చుకున్న నియమాలు పలక మీద రాసి ఎగిరే చోట నిలబెట్టాను. కొండ కుడిచేతి పక్కనున్నవాళ్ళకు దారి ఇవ్వాలి. వాళ్ళు కుడికి తప్పుకోలేరు కాబట్టి ఎదురొచ్చేవాళ్ళే లోయ వైపు జరగాలి. మలుపు ఎప్పుడూ లోయ వైపే తిరగాలి, కొండ వైపు కాదు. తిరిగే ముందు భుజం మీదుగా చూడాలి. మన రెక్కే మనకు అడ్డు కాబట్టి పైన ఎవరున్నారో కనపడదు, అందుకని పైనున్నవాళ్ళే కిందవాళ్ళకు చోటు వదలాలి. కొండకూ మనకూ మధ్య ఎంత సందు ఉన్నా, లోయ వైపు తప్పించుకునే సందు ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలి.

ఎగరడానికి వచ్చినవాళ్ళు పలక చుట్టూ మూగారు. మేష్టరమ్మ గాలికి కూడా చదువు చెబుతుందని ఒకరు, పలకకే ఒక రెక్క కట్టి పంపిస్తే అదే ముందు నడుస్తుందని ఇంకొకరు. నాకూ నవ్వొచ్చింది. నాన్న మాత్రం నవ్వలేదు. చదివి వినిపించమన్నాడు. రెండుసార్లు విన్నాడు.

"వరస గురించి ఇందుల నేదేటి?"

లేదన్నాను.

"అయితే రాసినోడికి పెద్దోలెవులూ నేరేమో," అని తిత్తులు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పదహారో రోజు

మెత్తగాలి నలభై తొమ్మిది నిమిషాలు. రెక్కలు ముప్పై. మడ్డి నూట పది. పెదతాత ముప్పై ఆరు.

కాగితం మీద గీతలు గీసి చూశాను. ముప్పై రెక్కలు వరస ప్రకారం ఎగిరితే అందరికంటే పైనున్న మనిషికీ అందరికంటే కిందున్న మనిషికీ నలభై బారలు తేడా వస్తోంది. అంతకంటే దగ్గరగా జరిగితే రెక్కలు తగులుకుంటాయి. అంటే ఆయన ముప్పై ఆరు బారల ఎత్తున ఎగిరితే, అడుగున ఉన్నవాళ్ళు అంచుకు నాలుగు బారలు దిగువన, కొండ గోడ ముందు ఎగురుతున్నారు. అంచుకు నలభై బారల కింద కోతి అరుగు ఉంది, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బండ. ఆయన అంచు ఎత్తుకు దిగిన రోజు అడుగున ఉన్నవాళ్ళ కాళ్ళు ఆ బండకు తగులుతాయి. రోజుకు నాలుగేసి బారలు తగ్గుతున్నాడు.

ఆయన ఎందుకు తగ్గుతున్నాడో దుర్భిణీతో చూశాను. కొండకు దూరంగా ఎగురుతున్నాడు. ఎత్తుడు గాలి గోడ పక్కనే గట్టిగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ పలచబడుతుంది.

కాగితం తీసుకుని సర్పంచి నర్సమ్మ గారి దగ్గరకు వెళ్ళాను. ఆమె చదువుకున్నారు, గీతలు అర్థం చేసుకున్నారు. ఇది నిజమేనన్నారు. కాసేపు కాగితం మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నారు.

"మరి ఆయనకి సెప్పేదెవులు తవిటమ్మా?" అన్నారు. "నాను సెప్పలేను. నాకు ఎగరడం నేర్పిందే ఆయన."

పద్దెనిమిదో రోజు

మెత్తగాలి నలభై రెండు నిమిషాలు. రెక్కలు ముప్పై. మడ్డి ఎనభై ఎనిమిది. పెదతాత ముప్పై.

నేనే వెళ్ళాను. పెదతాత ఇంటి ముందు తన నారింజ రంగు రెక్క పరుచుకుని తాళ్ళు సరిచూసుకుంటున్నాడు. పేటలో అంత పెద్ద రెక్క మరొకటి లేదు. ఇద్దరు మనుషులను మోస్తుంది. నన్ను చూసి సంతోషించాడు. మన ఇంటిలోంచి ఒక్కర్తైనా పుస్తకంలో రాసేదాకా వచ్చిందని అక్కడున్నవాళ్ళకు చెప్పాడు. అది విన్నాక నోరు తెరవడం మరీ కష్టమైంది.

కొండకు ఇంకాస్త దగ్గరగా ఎగిరితే మంచిదేమో పెదతాతా అన్నాను.

"దగ్గిరగానే ఎగురుతున్నాను కదేటి. సెయ్యి సాపితే బండ అందుతాది."

బండకూ ఆయనకూ మధ్య పాతిక బారలు ఉంటోంది. నేను కొలిచాను. ఆయన చూపు తగ్గింది, అది ఆయనకు తెలియదు. కిందవాళ్ళకు చోటు చాలడం లేదని చెప్పబోయాను. ఆయన చేత్తో ఆపాడు.

"నలబయ్యేల్లు ఎగిరేను. నా కింద ఒక్కలికి దెబ్బ తగల్నేదు. రాసుకో నీ పుస్తకంలో."

కొండమ్మ వదిన ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఎడం చేత్తో చోళ్ళు చెరుగుతోంది. నావైపు చూసి కళ్ళతోనే వద్దంది. నేను రాసుకుంటానని చెప్పి వచ్చేశాను. దారిలో నా మీద నాకే కోపం వచ్చింది. పలక మీద రాయగలిగిన మాట మనిషి ముఖం మీద అనలేకపోయాను.

ఇరవయ్యో రోజు

మెత్తగాలి ముప్పై ఎనిమిది నిమిషాలు. రెక్కలు ముప్పై. మడ్డి అరవై ఎనిమిది. పెదతాత ఇరవై రెండు.

గండి అవతల ఉన్న గాలి కొలత పరికరం తిరగడం లేదు. దాన్ని విప్పి బాగుచేయడం వచ్చిందాన్ని నేనే. రేపు అందరితోపాటు ఎగరాలి. ఇరవై రెండేళ్ళు నాకు. ఎగిరేవాళ్ళలో నాకంటే చిన్నవాళ్ళు లేరు.

అన్నం తినేటప్పుడు నాన్నతో అన్నాను. నువ్వు రెండోవాడివి, నువ్వొక్కడివి పైకి వెళ్తే మిగతావాళ్ళందరికీ చోటు దొరుకుతుందని. నాన్న ముద్ద కలపడం ఆపలేదు.

"నా అయ్య పోయినప్పుడు నాకు నాలుగేల్లు. నన్ను మోసినోడి నెత్తిమీద నుంచి ఎల్లమంతావు." చేయి కడుక్కుంటూ, "రేపు గోడకి మరీ దగ్గిరగా ఎల్లకు," అన్నాడు.

ఇరవై ఒకటో రోజు

ఇది కోతి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పుస్తకం రెక్క కింద నేను కూర్చునే జీను జేబులో ఉంది కాబట్టి రాయగలుగుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మెత్తగాలి రాగానే పెదతాత లేచాడు. వెనక నాన్న, వెనక మిగతావాళ్ళు. నేను ఆఖరున లేచాను. కొండ నా కుడి పక్కన. మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత నా ముందు, కాస్త పైన ఉన్న కాళ్ళు దగ్గరవుతున్నాయని గమనించాను. అవి వరసలో నాకు పైనున్న సింహాద్రి బావ కాళ్ళు. ఆయన దిగుతున్నాడు. ఆయన పైవాళ్ళు దిగుతున్నారు కాబట్టి ఆయన దిగుతున్నాడు. వాళ్ళెందుకు దిగుతున్నారో నాకు కనపడదు, నా రెక్క నాకు అడ్డు. కానీ తెలుసు. పెదతాత ఇంకా దూరం జరిగి ఉంటాడు.

నేనూ దిగాను. మరో దారి లేదు. లోయ వైపు తిరుగుదామని ఎడం భుజం మీదుగా చూశాను. ఆవలిపేట రెక్కలు ఎదురొస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి, నియమం ప్రకారమే లోయ వైపు జరిగి వస్తున్నాయి. అవి నాకు గోడలా నిలబడ్డాయి. కుడి పక్కన కొండ. పైన సింహాద్రి బావ కాళ్ళు. వెనక్కి వెళ్ళడం రెక్కకు రాదు. ఆగడం రాదు. తప్పించుకునే సందు ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలని రాసింది నేనే. ముందుకు వెళ్ళడం, దిగడం, ఈ రెండే మిగిలాయి.

బండ పగుళ్ళలోని గడ్డి పరకలు విడివిడిగా కనపడుతున్నాయి. బావా పైకి వెళ్ళు అని అరిచాను. ఆయన కూడా పైకి చూసి ఎవరినో పిలిచాడు. ఆయన మాట ఇంకొకరు పైకి అందించారు. నాన్న దాకా వెళ్ళిందో లేదో తెలియదు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. అందరూ ఎంతో మర్యాదగా దిగుతున్నారు.

అరుగు ఎదురుగా వచ్చింది. రెండు పగ్గాలూ లాగి, కాళ్ళు చాపి దాని మీద పడ్డాను. నాకు మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అంతే. రెక్క మాత్రం ఒక రాతి మొనకు తగులుకుని నిలువునా చీరిపోయింది.

పడ్డాక తల ఎత్తి చూశాను. నా తర్వాత ఈ బండ మీద పడబోయేది సింహాద్రి బావ. ఆయన తర్వాత ఇద్దరు. అప్పుడే పైనుంచి నారింజ రెక్క ఒక్కసారిగా లోయ వైపు తిరిగింది. అందరినీ దాటి దూరంగా వెళ్ళి, గాలి లేని చోట రాయిలా జారి, మళ్ళీ కొండ వైపు తిరిగి నేరుగా నా అరుగు మీదికి వచ్చింది. మిగతావాళ్ళు ఆయన కిందికి చేరేంత వ్యవధి ఇవ్వలేదు. పెదతాత బండ మీద పక్కకు పడ్డాడు. కాలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెక్క వచ్చి ఆయనను మొత్తం కప్పేసింది.

ఆయన నేలను తాకగానే మిగిలిన రెక్కలన్నీ పైకి లేచాయి. నేల మీదున్నవాళ్ళకు వరస లేదు. నేను గుడ్డ లాగి ఆయన ముఖం బయటికి తీసేసరికి ఆకాశంలో ఎవరూ లేరు.

"ఎవులది?" అన్నాడు.

"తవిటిని, పెదతాతా."

"దెబ్బ తగిలిందా?"

లేదన్నాను. జీనులోని రెండు పుల్లలు తీసి ఆయన కాలికి కట్టాను. కట్టడం అయ్యాక ఎందుకిలా చేశారని అడిగాను.

"పైనుంచి సూస్తే రెక్కలే అవుపిస్తాయే. మనుసులు అవుపించరు," అన్నాడు. "కింద పువ్వులు పూసినట్టుంటాది. నలబయ్యేల్లు అదే సూసేను. ఇవాల నీ పచ్చ రెక్క బండ మీద పడిపోనాది. దాని పక్కన నువ్వు అవుపించేవు. అప్పుడు తెలిసింది, ఒక్కో రెక్క కింద ఒక్కో మనిసున్నాడని."

అదే రోజు, సాయంత్రం

మనవాళ్ళందరూ గండి దాటకుండా వెనక్కి అంచు మీదే దిగారు. నాన్న పైన అంచున పడుకుని కిందికి పిలిచాడు. గాలి తగ్గాక మాట వినపడుతోంది. అంబలి, నీళ్ళు, దుప్పటి సన్నతాడుతో దించారు. మనిషి బరువు ఆపే తాడు ఇంత పొడవుది పేటలో లేదు. ముక్కలు ముడివేసి దించబోతే అంచు విరిగి తలకాయంత రాయి మా పక్కన పడింది. పెద్ద తాడు ఆవలిపేటలో ఉంది. రేపు వెళ్ళినవాళ్ళు అదే రోజు తిరిగి రావడానికి మెత్తగాలి చాలదు. అది వచ్చేది ఎల్లుండి.

దీపం తాడు మా పక్కనుంచే దించమన్నాను. దీపం అరుగుకు పన్నెండు బారల కింద ఆరిపోయింది. అంటే అంచుకు యాభై రెండు. రోజుకు పది పైగా పెరుగుతోంది. ఎల్లుండి తాడు వచ్చేసరికి మడ్డి మా ముక్కుల దాకా వచ్చి ఉంటుంది.

ఉన్నది ఒకటే దారి. రేపటి మెత్తగాలిలో పెదతాత రెక్క మీద ఇద్దరం ఇక్కణ్ణుంచి ఎగరాలి. రెక్క బాగానే ఉంది. అరుగు పొడవు తొమ్మిది అడుగులు వేసేంత. ఆయన ముందు కూర్చుంటాడు, పగ్గాలు నేను పట్టుకుంటాను. ఎత్తుడు గాలి ఎక్కడుందో పైన ఒకరు ఎగురుతూ చూపిస్తే చాలు.

ఇంకో చిక్కు ఉంది. మన పేటవాళ్ళను రేపు ఎగరొద్దని ఆపవచ్చు. ఆవలిపేట వాళ్ళకు కబురు చెప్పేవాళ్ళు లేరు. నలభై రెక్కలు ఎప్పటిలాగే వస్తాయి. అరుగు మీదనుంచి నారింజ రెక్క లేవడం చూడగానే, ఆలోచించకుండానే, అందరూ దాని కిందికి దిగుతారు. దాని కింద ఉన్నది బండ, బండ కింద మడ్డి.

ఇదంతా నాన్నకు అరిచి చెప్పాను. చివరికి అసలు మాట చెప్పాను.

"నువ్వు మాకు పైన ఉండాలి నాన్నా. వాళ్ళు నిన్ను చూస్తారు. నువ్వు దిగకపోతే వాళ్ళూ దిగరు."

నాన్న అంచున ఇంకాస్త ముందుకు జరిగాడు.

"పెదనాన్నకి పైనా?" అన్నాడు.

"అవును."

అంచు మీద నాన్న తల వెనక్కి తప్పుకుంది. పక్కన పెదతాత అన్నీ విన్నాడు. ఆయన ఒక్క మాట అంటే నాన్నకు తేలికయ్యేది. నేను ఆయన వైపు చూశాను. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అనడం ఆయనకూ చేతకాలేదనుకుంటాను.

లోయ అంతా పసుపుపచ్చగా, నీళ్ళలా నిలిచి ఉంది. ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. కదలదు. చప్పుడు చేయదు.

ఇరవై రెండో రోజు

మెత్తగాలి ముప్పై నాలుగు నిమిషాలు. మడ్డి, ఉదయం అరుగు మీదనుంచి చూస్తే, నాలుగు బారల కింద. అనుకున్నదానికంటే ముందే వచ్చింది. వాసన తెలుస్తోంది. ఇద్దరికీ తలనొప్పి.

మెత్తగాలి మొదలవగానే నాన్న నీలం రెక్క అంచు దాటింది. మా ముందు, కొంచెం ఎగువన, ఎడంగా ఎగిరాడు, నాకు కనపడేలా. ఎక్కడ లేస్తున్నాడో చూసి గుర్తుపెట్టుకున్నాను. రెక్కను నిలబెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ పడేసుకున్నాను. మూడోసారి అది తల మీదికి వచ్చి ఆగింది. పెదతాత ఒంటికాలి మీద నిలబడి, నా చేయి పట్టుకోకుండా, జీను పట్టీలు పట్టుకున్నాడు. తొమ్మిది అడుగులు అనుకున్నాను. ఏడు అడుగులకే బండ అయిపోయింది.

ముందు కిందికే పోయాం. పసుపుపచ్చదనం పాదాలకు తగిలింది. ఊపిరి బిగబట్టమని చెప్పాను. గోడకు రెండు బారల దూరంలో, కొండ కుడివైపు పెట్టుకుని, నాన్న లేచిన చోటుకు వెళ్ళాను. అక్కడ రెక్క పైకి లాగింది. లోయ వైపు మలుపు, మళ్ళీ గోడ, మళ్ళీ లోయ వైపు మలుపు. అరుగు ఎత్తుకు వచ్చాం. అరుగు మాకు దిగువన పడింది.

అప్పుడు ఆవలిపేట రెక్కలు గండి దాటి వచ్చాయి. మొదట వస్తున్నవాడు మమ్మల్ని చూశాడు. వెంటనే తన రెక్క కొసలు రెండూ లోపలికి మడిచాడు. దిగడానికి అలాగే చేస్తారు. వెనకవాడు మడిచాడు. ఆ వెనకవాడు కూడా. చోళ్ళ బస్తాలతో సహా నలభై మంది నా ముందుకు, నా కిందికి రావడానికి దిగుతున్నారు. నా కుడి పక్కన బండ. నేను తిరగవలసిన లోయ వైపంతా వాళ్ళే.

నాన్న వైపు చూశాను. ఆయన రెక్క కొసలు కూడా వణుకుతున్నాయి. చేతులు పట్టీల మీదికి వెళ్ళాయి. మడవడానికే వెళ్ళాయని ఇప్పటికీ అనుకుంటున్నాను. అవి అక్కడే ఆగాయి. తర్వాత ఆయన గోడ వైపు జరిగాడు, ఎత్తుడు గాలి గట్టిగా ఉన్న చోటుకు. పైకి లేచాడు. మా కంటే ఐదు బారలు, పది బారలు, ఇరవై. ఆయన కాళ్ళు పెదతాత తలకు పైన, కాస్త ముందుగా ఉన్నాయి. ఆయన పగ్గాలు వదిలి, రెండు చేతులూ ఎత్తి, లేవమని ఆవలిపేట వాళ్ళకు సైగ చేశాడు.

మొదటివాడి రెక్క కొసలు విచ్చుకున్నాయి. తర్వాత రెండోవాడివి. ఒక్కొక్కరే మా మీదుగా, లోయ వైపు జరిగి, పైకి వెళ్ళిపోయారు. ఒక ముసలాయన వెళ్తూ చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

లోయ వైపు దారి దొరికింది. తిరిగాను. ఇంకో నాలుగు మలుపులకు అంచు ఎత్తుకు వచ్చాం. ఎగిరే చోట కొండమ్మ వదిన, నర్సమ్మ గారు చేతులు చాపి నిలబడి ఉండటం కనపడింది.

పెదతాత తల వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. ముందు ఎగిరి చివర దిగేవాడికి ఎగిరే రెక్కల అడుగుభాగం ఎప్పుడూ కనపడదు. మిగతా మాకందరికీ రోజూ కనపడేది అదే.

"ఆ నీలం రెక్క మీ నాన్నదే కదేటి," అన్నాడు.

అవునన్నాను.

"అడుగంతా మాసికలే."

పదకొండు ఉన్నాయని చెప్పాను. పైభాగం నున్నగా లేకపోతే రెక్క లేవదు, అందుకని మాసిక ఎప్పుడూ అడుగునుంచే వేస్తాం. ఆయన ఇంకా ముందుకు, దూరంగా వెళ్తున్నవాటిని కూడా చూశాడు. గోనెగుడ్డ మాసికలు, చీరముక్క మాసికలు, ఒకదాని మీద ఇంకొకటి వేసినవి.

"నాకు తెల్దే," అన్నాడు. "పైనుంచి సూస్తే అన్నీ కొత్తయ్యే."